మంజీర ఒడిబియ్యం

ఈరవ్వ నిద్రపోతుంది గానీ ఆమె వేళ్ళు నిద్రపోవు. మధ్యాహ్నం అన్నం తిని, గడప పక్కన చాప మీద ఒరిగి, నోరు తెరిచి గురక అందుకున్నాక కూడా కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాలిలో లేని ఆకును చుడుతూనే ఉంటాయి. చుట్టి, లేని దారం కట్టి, గోటితో మూతి మలిచి, లేని చాటలోకి జారవిడుస్తాయి. ఒకసారి మనవరాలు నిరోష ఆ వేళ్ళ మధ్య కోడి ఈక పెట్టి చూసింది. ఈరవ్వ గురక ఆపకుండానే దాన్ని నున్నగా చుట్టి పక్కన పడేసింది. లేచాక ఆ ఈకను చూపిస్తే నిద్రపోయానని ఒప్పుకోలేదు, ఆలోచిస్తున్నానంది.

"నేనెప్పుడు పండుకున్ననే? కండ్లు మూసుకొని సోంచాయిస్తున్న."

"గురక పెట్టుకుంట సోంచాయిస్తరా అవ్వా?"

"పెద్దోళ్ళు గట్లనే సోంచాయిస్తరు. నీకేమెరుక!"

ఆ వేళ్ళు అట్లా తయారవడానికి కారణం బీడీలు. పెళ్ళయి బోధన్ శక్కర్‌నగర్‌లో కాలుపెట్టిన ఏడాదే అత్త ఆమె ఒళ్ళో చాట పెట్టింది. చాటలో తునికాకు, తంబాకు, కత్తెర, దారం ఉండ. అప్పటి నుంచి పిల్లలకు పాలిస్తూ, పొయ్యి మీద పప్పు ఉడికిస్తూ, పక్కింటివాళ్ళతో కొట్లాడుతూ కూడా ఈరవ్వ బీడీలు చుట్టింది. కొట్లాట ఎంత పెద్దదైతే చేయి అంత వేగంగా ఆడేదని వాడకట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. భర్త లింబాద్రి ఫ్యాక్టరీకి చెరుకు బండి తోలేవాడు. చెరుకు కాలంలో ఊరంతా పాకం వాసన, ఈరవ్వ ఇంట్లో మాత్రం తంబాకు వాసన. తేనెటీగలు ఎటు పోవాలో తెలియక తమ గుమ్మం దగ్గర ఆగిపోయి తికమకపడేవని ఆమె చెబుతుంది. ఇందులో నిజమెంత అని మాత్రం అడగకూడదు. అడిగితే ఆ పూట కూరలో కారం ఎక్కువవుతుంది.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. లింబాద్రి పోయాడు. ఈరవ్వకు దగ్గు పట్టుకుంది. "ఇగ సాలు తియ్యమ్మా" అని కొడుకు భాస్కర్ చాటను తీసి అటక మీద పెట్టాడు. చాట అటక ఎక్కింది గానీ వేళ్ళు కిందే ఉండిపోయాయి. పని లేని వేళ్ళు చీర కొంగును చుట్టేవి, బస్సు టికెట్‌ను చుట్టేవి, నిరోష జడ కొసను చుట్టేవి. బడికి పోయాక చూసుకుంటే జడ కొస బీడీలా బిగిసి ఉండేది.

ఈ వేళ్ళ సంగతి అట్లా ఉంచితే, ఈరవ్వకు లోపల ఇంకో పిచ్చి ఉంది. అది సముద్రం.

ఆమె పుట్టిల్లు మంజీర ఒడ్డున. చిన్నప్పుడు బర్రెలను నీళ్ళకు తోలుకుపోయినప్పుడల్లా అవి మునిగి తేలేదాకా ఒడ్డున కూర్చుని పారే నీళ్ళను చూసేది. ఈ నీళ్ళన్నీ ఎటు పోతాయని ఒకనాడు తండ్రిని అడిగింది.

"గోదారిల కలుస్తయ్ బిడ్డా."

"గోదారి ఎటు పోతది బాపూ?"

"సముద్రంల కలుస్తది."

"మరి సముద్రం?"

తండ్రి కొంచెంసేపు ఆలోచించి, "గాడికే ఆఖరు. గాడికెల్లి ఎటు పోదు" అన్నాడు.

ఆ మాట ఈరవ్వ మనసులో దిగిపోయింది. ఎటూ పోవలసిన పని లేని నీళ్ళు! పొద్దున లేస్తే చిమ్మాలి, తోమాలి, మోయాలి, పోవాలి, రావాలి అనే లోకంలో, వచ్చి చేరి ఊరికే ఊగుతూ ఉండేది ఒకటుందని తెలిసి ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. ఒక్కసారి దాన్ని చూడాలనుకుంది. వాడకట్టు ఆడవాళ్ళు తీర్థయాత్రకు బస్సు మాట్లాడుకున్నప్పుడు లింబాద్రికి జ్వరం వచ్చింది. ఇంకోసారి వరికోతలు అడ్డొచ్చాయి. "పోదాం తియ్, అదేమన్న పారిపోతదా" అని లింబాద్రి అనేవాడు. సముద్రం పారిపోలేదు గానీ లింబాద్రే పోయాడు.

నిరోష చదివే బడిలో సైన్స్ చెప్పే భానుప్రసాద్ సార్ బొమ్మలాట మొదలుపెట్టింది అప్పుడే. పాత గుడ్డలు, కాగితపు గుజ్జు, వెదురు పుల్లలతో పిల్లలే బొమ్మలు చేశారు. కథ సార్ రాశాడు. ఊరి పిల్లలు చిప్స్ కవర్లు ఇంటి ముందు మురికినీళ్ళు పారే మోరీలో వేస్తారు. మోరీ నుంచి వాగుకు, వాగు నుంచి మంజీరకు, మంజీర నుంచి గోదావరికి పోయి ఆ కవర్లన్నీ సముద్రం చేరతాయి. తాబేలు ఒక కవరు మింగి చచ్చిపోతుంది. అప్పుడు సముద్రానికి కోపం వచ్చి, గర్జించి, చెత్తనంతా తిరిగి పిల్లల మీదికే విసిరేస్తుంది. పిల్లలు తప్పయిందని దండం పెడతారు. నిజామాబాద్‌లో జిల్లా బడులన్నిటికీ పోటీ ఉంది. మొదటి బహుమతి వచ్చిన జట్టును రైల్లో సముద్రానికి తీసుకుపోతారు. తెర వెనక సాయానికి ఒక పెద్దమనిషి ఉండొచ్చు, ఆ మనిషినీ తీసుకుపోతారు.

సముద్రం గొంతు రోజా అనే పిల్లది. పోటీ దగ్గర పడ్డాక రోజాకు గవదబిళ్ళలు లేచాయి. చెంపలు ఉబ్బి సముద్రం కంటే పెద్దగా అయ్యాయి గానీ నోట మాట రాలేదు. సార్ తల పట్టుకుని కూర్చుంటే నిరోష లేచింది.

"మా అవ్వ ఉన్నది సార్. ఆమె గొంతు శక్కర్‌నగర్‌ల ఒర్లితె బస్టాండ్‌ల ఇనవడ్తది."

సార్ నవ్వాడు. కానీ వేరే దారి లేక పిలిపించాడు.

ఈరవ్వ పెట్టెలోని మంచి చీర కట్టుకుని, ముఖానికి పౌడర్ అద్దుకుని, పెళ్ళికి పోతున్నట్టు బడికి వచ్చింది. సముద్రం బొమ్మ బెంచీ మీద పడి ఉంది. పెద్ద తల, తెరుచుకునే నోరు, మెడ కింద ఒళ్ళంతా నీలం ప్లాస్టిక్ కాగితం. లోపల చేయి పెట్టి వేళ్ళతో నోరు ఆడించాలి. ఈరవ్వ చేయి లోపలికి పోగానే బొమ్మ తల తిప్పింది. పిల్లలను ఒక్కొక్కరినే పైనుంచి కిందికి చూసింది. పెదవి కొరికింది. ఒక పిల్లవాడు నిజంగానే ఒకడుగు వెనక్కి వేశాడు. ఎన్నాళ్ళుగానో గాలిలో తిరిగిన వేళ్ళకు పని దొరికింది.

అంతా బాగుంది గానీ ఈరవ్వకు బొమ్మ ఒళ్ళు నచ్చలేదు.

"సారూ, గిదేంది గిట్ల కర్రుకర్రుమంటది? చెత్త ఏసుడు తప్పని చెప్పెటందుకు సముద్రానికే చెత్త తొడిగినవ్?"

భానుప్రసాద్ సార్ ఎర్రబడి, "నీలం గుడ్డ దొరకలేదవ్వా" అన్నాడు.

మర్నాడు ఈరవ్వ తన పాత నీలం చీర తెచ్చింది. ఏళ్ళ తరబడి ఉతికి ఉతికి అది నీటి పొరలా పలచబడింది. ఊపితే చప్పుడు లేకుండా అలలా లేచి పడింది. పిల్లలు ఆహా అన్నారు. తర్వాత అందరూ కలిసి తుమ్మారు. ఎన్ని ఉతుకులు ఉతికినా తంబాకు వాసన ఆ చీరను వదల్లేదు. అట్లా బోధన్ బడి పిల్లల సముద్రం బీడీ వాసన కొట్టింది.

రిహార్సల్ అయ్యాక ఈరవ్వ సార్‌ను విడిచిపెట్టేది కాదు. ఆయన ఒకప్పుడు సముద్రాన్ని చూసి వచ్చాడు.

"నీళ్ళు ఉప్పగుంటయంట కదా?"

"ఉంటయవ్వా."

"ఇన్ని నదులు మంచినీళ్ళు తెచ్చి పోస్తుంటె ఉప్పెట్ల అయితది? ఆమె చెయ్యి పెద్దదున్నట్టుంది, మా అత్త లెక్క. చిటికెడు అంటె పిడికెడు ఏస్తుండె."

"చప్పుడు ఎట్లుంటది సారూ?" అని మళ్ళీ తానే అడిగింది.

సార్ కాసేపు ఆలోచించాడు. "గాలి అచ్చినప్పుడు చెరుకు తోట చప్పుడు జేస్తది చూడు, గట్ల. కాకుంటె సముద్రం ఆగది."

ఆ సాయంత్రం ఈరవ్వ ఇంటికి పోలేదు. నిరోష చేయి పట్టుకుని ఊరి చివర ఇళ్ళు దాటి చెరుకు తోట గట్టు మీదికి పోయి కూర్చుంది. ఎండ దిగిపోయింది. చెరుకు తలల మీద తెల్లటి పూత లేత వెలుగులో నురగలా ఉంది. ఈరవ్వ కళ్ళు మూసుకుంది. ముందు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో దూరాన, తోట అవతలి అంచున, ఎవరో పెద్ద బట్టను నేల మీద ఈడ్చినట్టు ఒక సవ్వడి మొదలైంది. అది మెల్లగా దగ్గరైంది. ఆకు మీద ఆకు ఒరుసుకుంటూ, పెరుగుతూ, ఎత్తుగా లేచి, వచ్చి ఆమె మీదుగా, ఆమె నెరిసిన జుట్టు మీదుగా, నిరోష రిబ్బన్ల మీదుగా దాటిపోయింది. దాని వెనకే ఇంకొకటి బయలుదేరింది. గట్టు కదులుతున్నట్టు అనిపించింది. కాళ్ళ కింద నీళ్ళున్నట్టు ఈరవ్వ పాదాలు కొంచెం పైకి ఎత్తి పెట్టుకుంది. చెరుకు ముందుకు ఒరిగింది, వెనక్కి పోయింది. ముందుకు ఒరిగింది, వెనక్కి పోయింది. ఎటూ పోలేదు. చూసి చూసి నిరోష కూడా కాళ్ళు ఎత్తుకుంది.

"ఏందవ్వా, చెరుకు ఇరుస్తున్నవా?" తోట యజమాని కేక వేశాడు.

"ఎవని చెరుకు ఎవనికి గావాలె! సముద్రం ఇంటున్న, నువ్వు ఒర్లకు!"

అతనికి ఏం అర్థమైందో ఏమో, తానూ కాసేపు నిలబడి విని పోయాడు.

ఇక అసలు పేచీ. సార్ కథలో మంజీర బొమ్మ చెత్తను గంపలో పెట్టుకుని సముద్రం దగ్గరికి పోతుంది. మంజీర బొమ్మ నిరోషది. పుల్ల మీద నిలబెట్టిన పసుపుపచ్చ రవికె పిల్ల. ఈరవ్వ గంప వద్దంది.

"నది సముద్రానికి పోవుడంటె పిల్ల అత్తగారింటికి పోవుడు. అత్తగారింటికి గంప మోసుకపోతదా? ఒడిబియ్యం వట్టుకపోతది."

తల్లిగారింటి నుంచి ఆడపిల్ల బయలుదేరేటప్పుడు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు కొంగులో పోసి నడుముకు కట్టి పంపడం అక్కడి పిల్లలందరికీ తెలిసిందే. ఆ బియ్యం అత్తగారింట్లో వండి నలుగురికీ పెడతారు. సార్‌కు ఈ ఆలోచన ఎంతో నచ్చింది. మంజీర బొమ్మకు ఒడి కట్టారు. ఒడి నిండా చిప్స్ కవర్లు, పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, తెగిన చెప్పు కుక్కారు.

"బాగుందవ్వా. ఇప్పుడు నువ్వు ఒడి విప్పి చూసి, కోపంతోటి గర్జించి, అన్నీ తిరిగి ఇసిరెయ్యాలె."

ఈరవ్వ చేయి దించేసింది. "ఇసుర."

"ఎందుకు?"

"ఒడిల అచ్చింది తిరుగ పంపరు సారూ. పంపితె పిల్ల ముఖం ఏమైపోవాలె?"

అప్పుడు ఆమె తన సంగతి చెప్పింది. పెళ్ళయి వచ్చిన ఏడాది వానల్లేవు. తల్లి అప్పూసప్పూ అడిగి తెచ్చి ఒడి నింపింది. బోధన్ వచ్చాక వాడకట్టు ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని ఉండగా అత్త ఒడి విప్పింది. బియ్యంలో పురుగులు కదులుతున్నాయి. ఈరవ్వ తల వంచుకుంది. భూమిలోకి పోదామంటే భూమి చెరుకు నరికిన చేనులా గట్టిగా ఉంది. అత్త ఆ బియ్యాన్ని గబుక్కున కొంగు కప్పి, "మంచి బియ్యం పంపిండ్రు మా వియ్యపురాలు" అని లేచిపోయింది. ఏరి, కడిగి, వండి, ముందు తానే తిన్నది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కూరలో ఉప్పు పిడికెడు వేసేది గానీ ఆ మాట మాత్రం ఎత్తలేదు.

సార్ మెత్తగా అన్నాడు.

"అత్త మంచిదే అవ్వా. కానీ ఇది బియ్యం గాదు, విషం. సముద్రం తీసుకున్నదంటె మనం చేసింది మంచిదేనని అయితది. పిల్లలకు భయం పెట్టాలె. కోపం లేకుంటె కథ ఆగమైతది, బహుమతి రాదు. నీకు సముద్రం సూడాలని లేదా?"

ఈరవ్వ వేళ్ళు చీర అంచును చుట్టడం మొదలుపెట్టాయి. చాలాసేపు చుట్టాయి.

"సరే తియ్ సారూ. గర్జిస్త."

"మాటేనా?"

"మాటనే."

ఇంట్లో గర్జన సాధన చేసింది. భాస్కర్ తన ఆటో దిగి ఇంట్లోకి వస్తూ దొంగ పడ్డాడనుకుని కర్ర తీశాడు. "ఛీ! ఎత్తుకపో నీ చెత్త!" అని ఈరవ్వ గోడ వైపు తిరిగి అరుస్తోంది. గోడ మీద బల్లి పారిపోయింది. రైల్లో పెట్టుకుపోవడానికి సకినాలు చేయాలా, మురుకులు చేయాలా అని కూడా అప్పుడే అడిగింది. సముద్రానికి ఏది ఇష్టమో ఆమెకు తెలియదు.

పోటీ రోజు అందరూ బస్సులో నిజామాబాద్ పోయారు. కంఠేశ్వర్ దగ్గర ఒక ఫంక్షన్ హాలు. నేల మీద తివాచీ పరిచి జిల్లా బడుల పిల్లలను కూర్చోబెట్టారు. ముందు కుర్చీల్లో న్యాయనిర్ణేతలు, వాళ్ళలో గంట పట్టుకున్న ఒక మేడమ్. సమయం దాటితే ఆమె గంట కొడుతుంది. ముందు ఆడిన బడివాళ్ళు రేకు డబ్బా మోగించి సముద్రాన్ని ఉరిమించారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. సార్ ఈరవ్వ వైపు చూసి, "ఇంతకంటె గట్టిగ" అన్నట్టు సైగ చేశాడు. ఈరవ్వ తల ఊపింది.

బోధన్ బడి వంతు వచ్చింది. పిల్లలు తెర వెనక వంగి నిలబడ్డారు. ఈరవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుంది, వంగడం ఆమె వల్ల కాదు. ఆట మొదలైంది. కవర్లు మోరీలో పడ్డాయి. తాబేలు ఆడించే ప్రేమ్ మంచి జోరు మీదున్నాడు. తాబేలు ఎగిరి దూకినప్పుడు హాలంతా నవ్వింది. తర్వాత నీలం చీర అల అలగా లేచింది. తంబాకు వాసన మొదటి వరుస దాకా పోయింది. నడుముకు ఒడి కట్టుకుని మంజీర నడిచి వచ్చింది.

"అత్తా, అత్తా! నేనచ్చిన."

"రా బిడ్డా రా! ఎంత దూరం నడిచినవో, కాళ్ళు గుంజుతున్నయా?"

ఈ కాళ్ళ మాట కథలో లేదు. సార్ ఉలిక్కిపడ్డాడు.

"ఒడిల ఏం తెచ్చినవ్ బిడ్డా, సూపియ్యి."

సముద్రం ముక్కుతో ఒడి విప్పింది. చిప్స్ కవరు జారిపడింది. గుట్కా పొట్లాలు, పాల ప్యాకెట్లు, తెగిన చెప్పు. హాలు పకపకా నవ్వింది. ఇప్పుడే గర్జించాలి. ఈరవ్వ ఊపిరి బిగపట్టింది. సార్ వెనక నుంచి, "కోపం అవ్వా, కోపం!" అని గుసగుసలాడాడు.

పుల్ల పట్టుకుని పట్టుకుని నిరోష చేయి నొప్పి పుట్టింది. కొంచెం దించింది. పసుపుపచ్చ రవికె పిల్ల తల వంగిపోయింది. విప్పిన ఒడి ముందు, అంతమంది నవ్వుతుండగా, తల వంచుకుని నిలబడింది.

ఈరవ్వ బిగపట్టిన ఊపిరి చప్పుడు లేకుండా వదిలేసింది.

"మంచిగున్నయ్ బిడ్డా" అంది సముద్రం. "మీ తల్లిగారోళ్ళు మంచిగ పంపిండ్రు."

వంగి చిప్స్ కవరు నోట కరుచుకుంది. మింగింది. లోపల ఈరవ్వ వేళ్ళు దాన్ని మెలితిప్పి, చుట్టి, చీర లోపలికి లాక్కున్నాయి. తర్వాత పాల ప్యాకెట్. తర్వాత చెప్పు. సముద్రం పొట్ట ఉబ్బింది. పిల్లలు ఇంకా నవ్వుతున్నారు. సార్ కథ కాగితాలు నేల మీద పెట్టేసి కూర్చుండిపోయాడు.

"ఇంకో ముద్ద తింట. మా కోడలు ఇంత దూరం మోసుకొచ్చింది, తినకుంటె చిన్నబోతది గద" అంటోంది సముద్రం. నోట్లో కవరుంది కాబట్టి మాట ముద్దగా వస్తోంది. ఇంకోటి మింగింది. గొంతు సన్నబడింది. అలలు నెమ్మదించాయి. నీలం చీర ఒకసారి లేచి, సగంలోనే పడిపోయింది. చేప బొమ్మలు ఆడించే పిల్లలు ఏం చేయాలో తెలియక ఆగిపోయారు. హాల్లో నవ్వు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"తినకు అవ్వా!" ముందు వరుసలో ఒక చిన్నపిల్ల అరిచింది.

సముద్రం కష్టపడి అటు తిరిగింది. "తినకుంటె ఎట్ల బిడ్డా? మీరే కదా పంపింది."

"మేం పంపలె!"

"మరెవరు పంపిండ్రు?"

పంకా తిరిగే చప్పుడు ఒక్కటే. సముద్రం మళ్ళీ వంగి ఇంకో పొట్లం కరుచుకుంది. అంతే, ఆ చిన్నపిల్ల లేచి పరుగెత్తుకొచ్చి ఆ పొట్లాన్ని పట్టుకుని లాగింది. సముద్రం వదల్లేదు. పిల్లా వదల్లేదు. వెనక నుంచి ఇంకొకడు వచ్చాడు, ఇంకో ఇద్దరు వచ్చారు, తర్వాత లెక్కే లేదు. నోట్లో చేతులు పెట్టి, చీర కింద చేతులు పెట్టి, కవర్లూ చెప్పూ లాగేస్తున్నారు. గంట మోగింది. ఎవరూ వినలేదు. గంట మళ్ళీ మోగింది. వెదురు విరిగి తెర కిందపడింది. చూస్తే కాళ్ళు చాపుకుని, కళ్ళద్దాలు ఒక చెవికి వేలాడుతూ, ముక్కు మీద పౌడర్ చెదిరి, చేతికి సముద్రం తొడుక్కుని ఈరవ్వ కూర్చుని ఉంది. పిల్లలు ఒక్క క్షణం ఆగారు. తర్వాత మిగిలిన కవర్లు ఆమె ఒడిలోంచి కూడా తీసుకుపోయారు. ఒకడు పొరపాటున ఆమె వక్కపొడి సంచీ కూడా తీసుకుపోయాడు.

బహుమతి రేకు డబ్బా బడికి వచ్చింది. బోధన్ బడి సమయం దాటింది, ఆట ముగించలేదు, చూసేవాళ్ళు వేదిక ఎక్కకూడదన్న నియమం తప్పింది. గంట మేడమ్ వచ్చి ఈరవ్వ చేతులు పట్టుకుని ఒకసారి నొక్కి వెళ్ళిపోయింది.

నిరోష బస్టాండ్ దాకా ఏడ్చింది. "మాటిచ్చి తప్పినవ్. ఇగ సముద్రం లేదు, ఏం లేదు."

ఈరవ్వ చాయ్ దుకాణం ముందు బెంచీ మీద కూర్చుంది. ఆమెకు ఏడుపు వస్తోందో లేదో తెలియకుండా చాయ్ సాసర్‌లో పోసుకుని ముఖానికి అడ్డం పెట్టుకుంది. భానుప్రసాద్ సార్ చాలాసేపు దూరంగా నిలబడి, తర్వాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఎందుకవ్వా గట్ల జేసినవ్?"

"నోరు రాలె సారూ. పిల్ల తల వంచుకున్నది."

"అది బొమ్మ అవ్వా."

"బొమ్మనే. నాకు ఎరుక లేదా?" చాయ్ ఊదుకుంది. "నాకు సూడాలనే ఉండె. మీ అందరికంటె నాకే ఎక్కువ ఉండె."

చాయ్ ఒక గుక్క తాగి ఈరవ్వే అడిగింది.

"నిజం సముద్రంల గూడ గా పోరగాండ్లు గుంజినట్టు గుంజి తీసెటోళ్ళు ఉంటరా?"

"ఉంటరు. కొద్దిమంది."

"సాలుతరా?"

"సాలరు అవ్వా."

ఈరవ్వ సాసర్ కింద పెట్టింది. "నేను సచ్చేదాక గా సంగతి నాకు చెప్పకపోతె మంచిగుండు" అని లేచి బస్సెక్కింది.

సాయంత్రపు బస్సు. కిటికీ పక్కన కూర్చుంది. నిరోష అలిగి వేరే సీట్లో కూర్చుని, ఊరు దాటకముందే వచ్చి ఆమె భుజం మీద పడి నిద్రపోయింది. వరి పొలాలు పోయాయి, చెరుకు తోటలు వచ్చాయి. గాలికి అవి ముందుకు ఒరిగాయి, వెనక్కి పోయాయి. ఈరవ్వ కళ్ళు మూసుకుంది, సోంచాయించడానికే.

తలుపు చప్పుడైంది. తీస్తే గుమ్మంలో సముద్రం నిలబడి ఉంది. పెద్దది, నీలంగా, ఒళ్ళంతా ఊగుతూ ఉంది గానీ గడపలో ఇమిడింది. అంత దూరం నడిచి వచ్చినందుకు ఆయాసపడుతోంది. వాడకట్టు అంతా తడి, మోరీల పక్కన నురగ, భాస్కర్ ఆటో మీద ఒక చేప.

"ఈరవ్వా, కడుపు నొస్తున్నది" అంది సముద్రం.

"నొయ్యదా మరి! ఎవరేం పెడితె గది తింటివాయె. మొహమాటం ఉండాలె గానీ గంత ఉండొద్దు." ఈరవ్వ కోప్పడింది. రోజంతా రాని కోపం ఇప్పుడు వచ్చింది. "కూసో. కాళ్ళు మీదికి పెట్టుకో. నేనే నీ తాన్కి అద్దామనుకున్న. నోటికాడికి అచ్చినంక నేనే చెడగొట్టుకున్న."

"తెలుసు" అంది సముద్రం. "గందుకనే నేనచ్చిన."

చాప పరిచింది. సముద్రం పడుకుంది. ఇల్లు నిండిపోయింది, అయినా మసిలే చోటు మిగిలింది. ఈరవ్వ పొయ్యి వెలిగించి నీళ్ళలో వాము వేసి మరగబెట్టింది. పక్కన కూర్చుని ఆ పెద్ద పొట్ట మీద అరచేయి పెట్టి మెల్లగా రుద్దింది. లోపల కవర్లు కరకరలాడాయి. ఒకటి తగిలింది. వేళ్ళతో కొస పట్టుకుంది. లాగింది. వచ్చింది. ఇంకోటి పట్టుకుంది.

కండక్టర్ భుజం తట్టాడు. "అవ్వా, బోధన్ అచ్చింది. దిగు."

ఈరవ్వ కళ్ళు తెరిచింది. వేళ్ళు ఇంకా కదులుతున్నాయి. ఒళ్ళో నిరోష తల ఉంది. జడ కొస విప్పి, విడదీసి, చిక్కు తీసి ఉంది.

"నిన్నెవలు లేపుమన్నరయ్యా?" అని కండక్టర్ మీద విరుచుకుపడింది. "ఒక్క రెండు తీసిన. ఇంకా ఎన్ని ఉన్నయో ఏమో!"